పూటకాపు లేని మనిషి



మన ఊళ్లలో అల్లరి చేసే పిల్లవాణ్ణి తల్లి "ఒరే కేడీ" అని తిడుతుంది. కోపంతో కాదు, ముద్దుగానే. ఆ మాట పుట్టింది మాత్రం ముద్దులో కాదు. మద్రాసు రాజధాని పోలీసులు పాత నేరస్థుల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకునేవారు. "నోన్ డిప్రెడేటర్" అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ కె, డి. మనకు తెలిసిన దొంగ అని అర్థం. ఒకసారి ఆ పుస్తకంలో పేరు ఎక్కిందంటే చుట్టుపక్కల ఎక్కడ కోడి పోయినా, మేక పోయినా మొదట తట్టేది అతని గుడిసె తలుపునే.

విక్టోరియా రాణి కాలంలో మన ప్రాంతంలో బతికిన ఒక పేద కూలివాడి గురించి, అతను మళ్లీ మళ్లీ జైలుకు ఎందుకు వెళ్లేవాడో దాని గురించి ఈ వారం రాస్తున్నాను. "చరిత్ర ఎందుకు పాస్టరుగారూ, వాక్యం చెప్పండి" అని మీలో కొందరు అనవచ్చు. వాక్యం దగ్గరికే తీసుకెళ్తాను. ఒక్క పది నిమిషాలు నాతో నడవండి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పేదవాడి మొదటి దొంగతనానికి ఆకలి కారణం కావచ్చు, దురాశ కారణం కావచ్చు. రెండోదానికీ మూడోదానికీ చాలాసార్లు మనం మూసిన తలుపులు కూడా కారణం. అలాంటి మనిషికి పూచీ పడని సంఘం, తనకు పూచీ పడిన ప్రభువును మరిచిపోయిన సంఘం.

విక్టోరియా 1837 నుంచి 1901 వరకు రాణి. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా కిందికి వచ్చేవి. 1911లో ఇవన్నీ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. చెరువు నిండితే పంట, లేకపోతే మంట. ఆ బతుకు మాత్రం మన తాతలదీ మనదీ ఒకటే.

పేరు పెట్టకుండా ఒక కూలివాణ్ణి తలుచుకుందాం. ఆనాటి చట్టాలే అతని కథ చెబుతాయి. అతనికి సెంటు భూమి లేదు. రాగులో జొన్నలో కూలిగా తెచ్చుకుని సంగటి వండుకునే ఇల్లు. పెళ్లికో చావుకో ఒక ఆసామి దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నాడు. 1859లో ఒక చట్టం వచ్చింది. అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన కూలిని మేజిస్ట్రేటు మూడు నెలల వరకు కఠిన శిక్షకు పంపవచ్చు. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు పెట్టారు, తర్వాత ఇతర చోట్లకూ విస్తరించారు. కూలి ఎగ్గొట్టిన యజమానిని అదే విధంగా జైలుకు పంపే మాట అందులో లేదు. మాట తప్పితే ఒకరికి నష్టం, ఒకరికి నేరం. ఇటుక బట్టీలకు అడ్వాన్సు తీసుకుని వెళ్లే మన సంఘస్థులకు ఇది కొత్త కథ ఏమీ కాదు.

అతని పొరుగువాడి సంగతి చూడండి. ఎద్దుల మీద, గాడిదల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి, మెట్ట ఊళ్లలో ఇచ్చి, ధాన్యం తీసుకుని వెళ్లేవారు ఎరుకలవారు, సుగాలీలు. అది పరువైన వ్యాపారం. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్ను వచ్చాయి. తర్వాత రైలు వచ్చింది. మన కుప్పం మీదుగా బెంగళూరుకు రైలు నడిచింది 1864లో. రైలు రావడం మంచిదే. కానీ ఎద్దు మీద మూట మోసేవాడికి ఆ రోజు నుంచి పని తగ్గింది, వేరే పని చూపించినవాడు లేడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో కట్టెలు కొట్టినా, అనుమతి లేకుండా పశువులు మేపినా నేరం. నిన్నటి వరకు కడుపు నింపిన కొండ ఇవాళ కేసు పెట్టే కొండ అయింది.

ఈ నడుమ 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు పడింది. దాతు కరువు అని పెద్దలు చెప్పుకునేది అదే. కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలు రెండూ అందులో నలిగిపోయాయి. దక్షిణ భారతమంతా కలిపి 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కూలి తగ్గించాడు. రోజంతా రాళ్లు కొట్టి మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకు కూడా తక్కువ, దాంతో పాటు ఒక అణా. పని చేసే ఒంటికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి కాస్త పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. ఆ రెండేళ్లలో తిండి కోసం చేసిన దొంగతనాలతో జైళ్లు నిండిపోయాయి.

మన కూలివాడు ఆ కరువులో ఒకరి గాదెలోంచి రెండు శేర్ల గింజలు తీశాడనుకోండి. 1864లో వచ్చిన కొరడా దెబ్బల చట్టం ప్రకారం మొదటి దొంగతనానికి జైలుకు బదులు దెబ్బలు వేయవచ్చు. రెండోసారి దొరికితే జైలూ దెబ్బలూ రెండూ. 1862లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిలో 75వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. మామూలు దొంగతనానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. ఒకసారి శిక్షపడినవాడు మళ్లీ అదే చేస్తే శిక్ష ద్వీపాంతరం దాకా వెళ్లవచ్చు. ద్వీపాంతరం అంటే అండమాను. సముద్రం దాటించి, భార్యాపిల్లల ముఖం మళ్లీ చూస్తాడో లేదో తెలియని చోట దించేవారు. రెండోసారి తీసింది కూడా రెండు శేర్ల గింజలే కావచ్చు. అయినా చట్టం చూసేది గింజల వైపు కాదు, అతని పాత పేజీ వైపు.

పాత పేజీ వెతకడం కూడా రానురాను సులువైంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. సంతకం రాని కూలివాడు అప్పుపత్రం మీద వేసే వేలిముద్రే ఇప్పుడు అతను ఏ ఊరు వెళ్లినా వెంటాడే గుర్తు అయింది.

అన్నిటికంటే నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 110వ సెక్షన్. ఒక మనిషి అలవాటుపడిన దొంగ అని మేజిస్ట్రేటుకు సమాచారం అందితే, మంచి నడవడికకు జామీను ఇవ్వమని అతన్ని అడగవచ్చు. కొత్త నేరం రుజువు కానక్కర్లేదు. జామీను ఇచ్చేవాడు దొరికితే ఇంటికి, దొరక్కపోతే జైలుకు. అది మూడేళ్ల వరకు కూడా కావచ్చు. ఊరిలో భూమి ఉన్న ఒక్క పెద్దమనిషి "వీడికి నేను పూచీ" అని చెబితే చాలు. ఆ ఒక్క మనిషి లేకనే జైలు. అంటే అతను లోపలికి వెళ్లింది చేసిన పాపానికి కాదు, తన తరఫున నిలబడేవాడు లేనందుకు.

ఇంగ్లండులోనూ పేదవాడి బతుకు ఇలాగే ఉండేది. 1869లో అలవాటు నేరస్థుల చట్టం తెచ్చి అక్కడా పాతవాళ్ల పేర్లకు రిజిస్టరు పెట్టారు. అయితే అక్కడ రిజిస్టరులో రాసింది మనిషి పేరు. ఇక్కడ కులం పేరు రాశారు. 1871లో నేరస్థ జాతుల చట్టం ఉత్తర భారతంలో మొదలైంది. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ ఏమీ చేయకముందే అనుమానితుడు. ఎరుకల తల్లి కడుపున పుట్టడమే మొదటి నేరం అన్నట్టు.

ఇక్కడ మన సంఘం చరిత్ర కూడా కలుస్తుంది. దాన్ని దాచి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారు ఎరుకలవారి కోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు అలాంటి సెటిల్‌మెంట్ నడిపారు. బడులు పెట్టారు, వైద్యం చేశారు, భూమి చూపించారు, అక్షరం నేర్పారు. వారి కష్టాన్ని నేను తక్కువ చేయను. మన మదనపల్లెకు 1863లో వచ్చిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ లాంటి మిషనరీల చేతుల మీదుగానే మన పూర్వికులకు మందూ వాక్యమూ అందాయి. కానీ ఆ సెటిల్‌మెంట్లలో హాజరు పుస్తకం కూడా మిషనరీ చేతిలోనే ఉండేది. చీటీ లేకుండా పొలిమేర దాటితే శిక్ష. పొద్దున ప్రార్థన చేయించిన చేయే సాయంత్రం పేర్లు పిలిచి లెక్క చూసుకునేది. కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. ఆ పిలుపు వేరు, ఈ పిలుపు వేరు.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. స్టూవర్టుపురం అంటే దొంగల ఊరు అని సినిమాలు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాయి. 1970లలో ఆ ఊరికి వెళ్లి, నేరం మానుకుంటామన్నవారి పక్షాన అధికారులతో మాట్లాడి, వారికి బతుకుదారి చూపడానికి ఏళ్ల తరబడి పాటుపడిన దంపతులు ఉన్నారు. గోరాగారి కుమారుడు లవణం, మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణం. వారు నాస్తిక ఉద్యమానికి చెందినవారు. దేవుడు లేడన్నవారు ఆ మనుషులకు పూచీగా నిలబడ్డారు. లూకా 10లో దారి పక్కన పడి ఉన్నవాణ్ణి చూసి యాజకుడు, లేవీయుడు పక్కకు తప్పుకున్నారు. సత్రం ఖర్చుకు పూచీ పడింది సమరయుడు. ఆ కథ చదివినప్పుడల్లా మనం ఏ పాత్రలో ఉన్నామో చూసుకోవాలి.

"మరి దొంగతనం తప్పు కాదా?" అని మీరు అడుగుతారు. తప్పే. పాపమే. ఒంటరి ఆడమనిషి పెంచుకున్న మేకపిల్లను ఎత్తుకెళ్లినవాడు ఆమె పిల్లల ఫీజు ఎత్తుకెళ్లినట్టే. నష్టపోయినవాళ్లు కూడా మన బెంచీల మీదే కూర్చుంటారు. వాక్యం రెండు వైపులా చూస్తుంది. సామెతలు 6:30-31 చదవండి. ఆకలికి దొంగిలించినవాణ్ణి జనం తిరస్కరించరు, అయినా దొరికితే అతను నష్టం కట్టి తీరాలి అనే భావం అక్కడ ఉంది. తప్పును తప్పు అంటుంది, మనిషిని మాత్రం విడిచిపెట్టదు. దేవుడు ఇశ్రాయేలుకు ఇచ్చిన చట్టంలో దొంగకు శిక్ష కంటే ముందు ఇంకేం ఉందో చూశారా? లేవీయకాండం 19లో పొలం అంచుల దాకా కోయవద్దన్నాడు, పరిగె బీదలకు వదలమన్నాడు. ద్వితీయోపదేశకాండం 24లో పొద్దు కుంకక ముందే కూలి ఇవ్వమన్నాడు. పరిగె ఏరనివ్వని ఊరు దొంగను తయారు చేసుకుంటుందని ఆయనకు తెలుసు.

ఇంకొకరు అంటారు, "పాస్టరుగారూ, సామెతల గ్రంథమే కదా పూటపడవద్దని చెప్పింది!" నిజమే. 6వ అధ్యాయంలో, 11లో, 17లో ఆ హెచ్చరిక ఉంది. ఆలోచన లేకుండా ఇతరుల అప్పులకు చేయి కలిపి ఇల్లు ముంచుకోవద్దని ఆ జ్ఞాని చెప్పాడు. మంచి మాటే, చీటీల గొడవల్లో మనవాళ్లు ఎంతమంది మునిగారో మీకు తెలుసు. కానీ అదే బైబిలులో తమ్ముడు బెన్యామీను కోసం యూదా తన తండ్రి ముందు పూటపడ్డాడు, ఆదికాండం 43లో. పారిపోయిన దాసుడు ఒనేసిము కోసం పౌలు ఫిలేమోనుకు రాశాడు. అతని వల్ల ఏదైనా నష్టం జరిగి ఉంటే అది నా లెక్కలో వేసుకో అని, స్వహస్తంతో. హెబ్రీ పత్రిక 7:22 మన ప్రభువును పూటకాపు అని పిలుస్తుంది. మన పాత పేజీ ఎంత నల్లగా ఉన్నా మన తరఫున నిలబడినవాడు ఆయన. పూటకాపు లేని సువార్త లేదు.

విక్టోరియా రాణి పోయి 120 ఏళ్లు దాటింది. 75వ సెక్షన్ పోయిందా? 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 13వ సెక్షన్‌గా కూర్చుంది. సమాజానికి కాపుదల కావాలి కాబట్టి అలాంటి చట్టం అవసరమే అని చెప్పేవారి మాటలో కొంత నిజం ఉంది. నేను న్యాయవాదిని కాను, దాన్ని ఎత్తేయమని రాయడం లేదు. కానీ ఈ దేశపు జైళ్లలో ఉన్నవారిలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా తీర్పు రానివారే. వారిలో చాలామంది పేదలు. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవారు ఉన్నారు. 1978లో ఒక పేద బేల్దారి మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. బెయిలు ఇమ్మని పై కోర్టు చెప్పినా, కింది కోర్టు పదివేల రూపాయల జామీను అడిగింది. అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని అన్న జామీను ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అది అన్యాయమని తేల్చి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద అతన్ని వదలమన్నారు. ఆ మేస్త్రీలాంటివారు మన మదనపల్లె అడ్డా మీద రోజూ తెల్లవారుజామున పనికోసం నిలబడుతున్నారు. కుప్పం నుంచి బెంగళూరు బండి ఎక్కుతున్నారు.

కాబట్టి మన సంఘాలకు నాలుగు మాటలు.

మొదటిది, పూచీ. ప్రతి సంఘంలో పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెద్దలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆలోచించి, కుటుంబంతో మాట్లాడి, ఆ మనిషిని ఎరిగి, అర్హుడైన ఒక పేదవాడికి ఏడాదికి ఒక్కసారైనా జామీను సంతకం చేయగలరేమో ప్రార్థించండి. మన కానుకలతో కొనే కొత్త మైకు సెట్టు కంటే ఆ సంతకం పెద్ద ఆరాధన.

రెండోది, పని. ఎఫెసీ 4:28లో పౌలు దొంగను ఇక దొంగిలించవద్దని చెప్పి అక్కడే ఆగలేదు. చేతులతో పని చేయాలి, అక్కరలో ఉన్నవానికి పెట్టగలగాలి అని ముగించాడు. ఎవరూ పని ఇవ్వకుండా ఆ వచనం ఎలా నెరవేరుతుంది? టమాటా తోటలో కోతకు, ఇంటి కట్టుబడికి కూలీలను పిలిచేటప్పుడు ఆ ఒక్క మనిషిని కూడా పిలవండి. కూలి పొద్దు కుంకక ముందే ఇవ్వండి.

మూడోది, వరస. జక్కయ్య పేదవాడు కాదు, అయినా అతని ఇంట్లో జరిగిన వరస గమనించండి. యేసు ముందు ఆ ఇంటికి వెళ్లాడు. నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట తర్వాత వచ్చింది. మనం తలకిందులు చేస్తాం. ముందు మారి చూపించు, ఆ తర్వాత నీ ఇంటికి వస్తాం అంటాం. జైలు నుంచి వచ్చిన మనిషి ఇంటికి మొదటి వారమే వెళ్లండి. ఒక పూట అతనితో సంగటి తినండి.

నాలుగోది, కొందరికి చేదుగా ఉండవచ్చు. మారిన మనిషిని వేదిక ఎక్కించి "ఒకప్పటి పేరుమోసిన దొంగ, ఇప్పుడు దేవుని బిడ్డ" అని పోస్టరు వేయడం మానుకుందాం. పదేళ్లయినా అదే సాక్ష్యం, అదే పరిచయం. అది కేడీ పుస్తకానికి మనం కుట్టిన కొత్త అట్ట. యెషయా 43:25లో దేవుడు మన పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని అంటున్నాడు. ఆయన మరిచిపోయినదాన్ని మనం మైకులో చదవడం ఎందుకు? అతనే చెప్పాలనుకుంటే చెప్పనివ్వండి. లేకపోతే అతన్ని వాళ్ల అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవండి.

ఇవి చేస్తే అందరూ మారతారని నేను హామీ ఇవ్వను. ఒకడు మోసం చేస్తాడు, మీరు చేసిన సంతకానికి నష్టం వస్తుంది. అది వచ్చినప్పుడు మత్తయి 18లో పేతురు అడిగిన ప్రశ్న, ప్రభువు ఇచ్చిన లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ లెక్క ఎవరి పుస్తకంలోనూ పట్టదు.

ప్రార్థన: ప్రభువా, మా తరఫున నిలబడటానికి ఎవరూ లేనప్పుడు నీవు నిలబడ్డావు. మా ఊళ్లలో నిలబడేవాడు లేని మనిషిని మాకు చూపించు. సంతకం చేసే ధైర్యం, పని ఇచ్చే మనసు, పాత పేజీ మూసే కృప మాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.